మా జేజి భయం

పోయిన నెల మా జేజి పోయింది. మా నాయనకు అమ్మ. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, "జేజి లేదక్కా" అన్నాడు, అంతే. అనంతపురం నుంచి ఊరికి బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. ఆమె పడ్డ భయాన్ని ఇక నేనొక్కదాన్నే మోయాలి.

ఆసుపత్రి అందని రోజుల్లో మా ఊరి కాన్పులన్నీ జేజి చేతిమీదే. పిలుపు రాగానే గోళ్ళు తీసుకుని, వేడినీళ్ళతో రెండుసార్లు చేతులు కడుక్కుని బయలుదేరేది. కడుపుతో ఉన్న ప్రతి మనిషికీ ఒకటే మాట చెప్పేది: "సగం రాగిముద్దకే లేయి. బిడ్డ చిన్నగుంటే సులువుగా బయట పడతాది." ఆమె సొంత అక్క, బిడ్డ పెద్దదై, రెండు రోజులు నొప్పులు పడి జేజి ఒళ్ళోనే ప్రాణం విడిచిందట. అప్పటినుంచి పెద్ద బిడ్డంటేనే ఆమెకు వణుకు.

నేను పుట్టింది కరువు ఏడాదిలో. అసలే తిండి తక్కువ, దానిమీద మా అమ్మకు జేజి కట్టడి. అరచేతిలో పట్టానట. దూదిలో చుట్టి, నెలరోజులు తన రొమ్ముకు ఆనించుకుని నన్ను బతికించింది కూడా ఆమే. అది మరిచిపోతే నా కళ్ళు పోతాయి.

ఇరవై తొమ్మిదో ఏట నాకు షుగరన్నారు. నేనేమో పుల్లలా ఉంటాను. లావుపాటోళ్ళ జబ్బు నాకెందుకొచ్చిందని అడిగితే, డాక్టరు నా పుట్టినప్పటి బరువు అడిగాడు. తోడొచ్చిన జేజి గర్వంగా అరచెయ్యి చాపింది.

"ఇంతే ఉండె సార్. వాళ్ళమ్మకు కష్టమే తెలీలేదు."

ఆయన నెమ్మదిగా చెప్పాడు. కడుపులో తిండి చాలని బిడ్డ ఒళ్ళు, బయట కూడా కరువే ఉంటుందనుకుని దానికి తగ్గట్టు తయారవుతుందట. పెద్దయ్యాక కడుపునిండా తింటే తట్టుకోలేదట. అందరికీ కాదు గానీ షుగరు, బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువట. జేజి తిరుగు బస్సులో వేళ్ళు మడుస్తూ కూర్చుంది.

"ఏం లెక్కపెడతాండావు జేజీ?"

"నా చేతిలో పుట్టినోళ్ళను. ఎంతమందికి చేసినానే ఈ పని?"

"నీకేం తెలుసు? తెలీక చెప్పినావు."

"తెలీక తొక్కినా ముల్లు ముల్లే కదే."

ఆనాటినుంచి తన చేతిలో పుట్టినవాళ్ళు ఎవరు ఎదురొచ్చినా ఆపేది. "దప్పి ఎక్కువైతాందా? ఒకసారి నెత్తురు చూపించుకో నాయనా." వాళ్ళు నవ్వేవాళ్ళు, "ఏమప్పా, జేజి డాక్టరమ్మ అయిపాయె!" అని. ముగ్గురికి నిజంగానే బయటపడింది. మూడోవాడి కబురు విన్నరోజు ఆమె అన్నం ముట్టలేదు.

కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, "బాగా తినండమ్మా, నేను చెప్పింది తప్పు" అని బతిమాలేది. అత్తలు ఒప్పుకునేవాళ్ళు కాదు. "ఇన్నేండ్లూ నీ మాట వినే కదా సుఖంగా కన్నాము. ముసలితనాన నీకు మతి పాయెనా?" అనేవాళ్ళు. జేజి తలొంచుకుని వచ్చేసేది. ఒకసారి నాతో అంది, "నా మాట నాకంటే బలంగా ఉండాదే." ఆ తర్వాత మంచం పట్టింది.

దినాలైన మరునాడు పక్కింటి కోడలిని చూడబోయాను. జేజి మంచం పట్టాక కాపురానికొచ్చిన పిల్ల. ఇప్పుడు ఏడో నెల, అందుకే చావింటికి రాలేదు. మధ్యాహ్నం తిండికి కూర్చుంది. రాగిముద్దను రెండుగా తుంచి, సగం గిన్నెలో వేసి పక్కకు నెట్టింది.

"ఆకలి లేదామ్మా?" అన్నాను.

"ఆకలిగానే ఉండాది అక్కా," అని సిగ్గుగా నవ్వింది. "జేజి మాటంట కదా, మా అత్త చెప్పినాది. పాపం, పోయినామె మాట తప్పకూడదు."

నాకు తెలిసినదంతా చెప్పాను. జేజి ఆఖరికి ఏమని బతిమాలిందో చెప్పాను. గిన్నెలోని సగాన్ని తీసి మళ్ళీ ఆమె పళ్ళెంలో పెట్టాను. ఆ పిల్ల ముద్ద వైపు చూసింది, వంటింట్లో ఉన్న అత్త వైపు చూసింది. చెయ్యి మాత్రం కదల్లేదు.