తాత చెక్కిన పంది వయసు

చైనాలోని సుజౌలో తాత తావ్ షిరెన్ చెక్కిన జేడ్ రాతి పందిని బురద పక్కన పెడితే దిగి పొర్లుతుంది. అలాంటి పంది ఒకటి, పొగబెట్టి ముసలిదాన్ని చేసిన ఒంటితో, పాతసామాన్ల కొట్టులో కనబడింది. రెండు వేల ఏళ్ల కిందట శవం చేతిలో పెట్టి పూడ్చినదని దానికి చీటీ అంటించారు. తాత భగ్గుమన్నాడు.

"ఒరే, ఇది నేను పోయినేడు చెక్కిందిరా! దీనిమీద నా పేరు రాయి!"

"అరవకు బాబాయ్. నీ పేరు రాస్తే ఎవడు కొంటాడు?" అన్నాడు కొట్టువాడు.

తాత ఆ చీటీ పీకి, నమిలి, వాడి గడప మీదే ఉమ్మేశాడు.

ఇంటికెళ్లే దారిలో, కొట్టుకి వెంట వచ్చిన మనవరాలు, అంటే ఇది రాస్తున్నదే, ఊరుకోలేదు. "చచ్చి రెండు వేల ఏళ్లయినా నీ గొంతు తగ్గలేదే తాతా!" అంది.

"నా చెయ్యి ఇంకా బతికే ఉంది. చెంప మీద పడితే నీకే తెలుస్తుంది."