బాబాయి రబ్బరు మొక్క

మా ఆఫీసు పెద్ద గుమాస్తాని అందరం బాబాయి అనేవాళ్లం. ఆయనకి మనుషుల కన్నా మొక్కల మీదే ధ్యాస. పొద్దున్నే ఎండలో మాడి, ఉసూరుమంటూ కుర్చీల్లో కూలబడిన మమ్మల్ని పలకరించేవాడు కాదు. నేరుగా కుండీల దగ్గరికెళ్లి, "రాత్రంతా చలేసిందా అమ్మా?" అని అడిగేవాడు.

ప్రశ్న సబబే. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఎముకలు కొరికే ఏసీ. రాత్రిళ్లు కూడా దాన్ని ఆపేవాళ్లు లేరు. మా ఓపిక ఏనాడో అడుగంటింది. మొక్కలకి మాత్రం బాబాయి ఉన్నాడు. గాలి పొడిగా ఉందని గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి, ఆ రాళ్ల మీద కుండీలు పెట్టేవాడు. మట్టిలో వేలు పెట్టి తడి చూడకుండా ఎవరైనా నీళ్లు పోస్తే ఇక ఆ పూటంతా సాధింపే. ఒకసారి నేను మిగిలిన టీ కుండీలో పోశాను. చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త ప్రశాంతంగానే గడిచింది.

ఆయన పంచప్రాణాలూ రబ్బరు మొక్క మీదే. యజమానిగారి అమ్మగారు ఇచ్చిన మొక్క అది. ఆవిడ ఎప్పుడొచ్చినా ముందు దాన్నే చూసేవారు. దారిన పోతూ దాని ఆకుకి తగిలితే బాబాయి మా చేత క్షమాపణ చెప్పించేవాడు, మొక్కకి.

టైపిస్టు అక్కయ్య సీటు సరిగ్గా ఏసీ కింద. జ్వరమొచ్చి తగ్గాక ఆవిడకి కీళ్లు పట్టేసి వేళ్లు వంగేవి కావు. సీటు మార్చమని మేనేజరుగారిని బతిమాలింది. ఒకరికి మారిస్తే అందరూ అడుగుతారన్నాడాయన. ఇక ఉద్యోగం మానేస్తానని ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఇంట్లో సంపాదన ఆవిడదొక్కటే. అందరం జాలిపడి మళ్లీ ఎవరి పనిలో వాళ్లం పడ్డాం. బాబాయి మాత్రం రబ్బరు మొక్కను తెచ్చి ఆవిడ కుర్చీ వెనక, సరిగ్గా చల్లగాలి కొట్టేచోట పెట్టాడు. ఈయనకి మతిపోయిందనుకున్నాను. మర్నాటి నుంచి ఆకులు రాలడం మొదలైంది.

ఒకరోజు పెందలాడే వెళ్లాను. బాబాయి మొక్క ముందు గొంతుక్కూర్చుని ఆకులు తుంచుతున్నాడు. వేళ్లనిండా తెల్లటి పాలు.

"ఓర్చుకో తల్లీ. నీకు ఆకులు మళ్లీ వస్తాయి. ఆవిడకి ఉద్యోగం మళ్లీ రాదు."

ఆయన నన్ను చూసి, నోరు మూసుకుని ఉండమని సైగ చేశాడు.

ఆ మధ్యాహ్నం ఆకులన్నీ మేనేజరుగారి బల్ల మీద కుప్పపోశాడు. అమ్మగారి మొక్క ఏసీ గాలికి చచ్చిపోతోందని, కిటికీ పక్కకి మార్చాలని చెప్పాడు. మేనేజరుగారు కంగారుగా సరేనన్నాడు.

"అదొక్కటే వెళితే బతకదండీ. టైపిస్టమ్మకి అలవాటు పడింది. ఆవిడ పక్కన లేకపోతే బెంగపెట్టుకుంటుంది."

ఇంకెవరన్నా ఈ మాటంటే నవ్వి పంపేసేవాడే. మొక్కల సంగతిలో బాబాయికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది? సాయంత్రానికల్లా అక్కయ్య బల్ల కిటికీ పక్కకి చేరింది.

ఆ కిటికీ సీటు నాది. నన్ను ఏసీ కిందికి తోశారు. వారం తిరక్కుండానే మెడ పట్టేసింది. నా వెనక కూడా ఓ మొక్క పెట్టమని బాబాయిని వేడుకున్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దుక్కలా ఉన్నావు, నీకేం రోగం? నీకోసం ఒక్క ఆకు కూడా తుంచను" అంటూనే, తన మఫ్లరు విప్పి నా మెడకి చుట్టాడు.