చూసినవారి పేరు

మా కంప్యూటర్ సెక్షన్ అన్న పోయాడని సోమవారం పొద్దున తెలిసింది. మంథని బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కుతుంటే అటెండర్ ఎదురొచ్చి చెప్పాడు. ఆదివారం సాయంత్రం ఛాతీలో నొప్పి వచ్చిందట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. రాష్ట్రం వచ్చిందని గోదావరిఖని కాలనీల్లో కట్టిన జెండాలు ఇంకా దింపనేలేదు.

అన్న మొదట గని ల్యాంప్‌రూమ్‌లో పనిచేశాడు. గనిలోకి దిగేవాళ్లు అక్కడ దీపం తీసుకుంటారు, పైకొచ్చాక తిరిగిస్తారు. దీపం తగిలించే కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి లోపలే ఉన్నాడని అర్థం. తర్వాత కంప్యూటర్ నేర్చుకుని, లోపల ఎవరున్నారో చూసే అదే పనికి ప్రోగ్రాం రాయడానికి మా సెక్షన్‌కు వచ్చాడు. నేను డిగ్రీ పట్టుకుని వచ్చినదాన్ని, అన్నీ తెలుసనుకునేదాన్ని.

ఇద్దరం ఆ ప్రోగ్రాంను ఎవరి బ్రాంచిలో, అంటే ఎవరి నకలులో వాళ్లం మార్చి, శనివారం రెండూ కలిపేవాళ్లం. ఒకే చోట ఇద్దరం వేర్వేరుగా రాసి ఉంటే కంప్యూటర్ ఆగిపోయి, రెండు రాతలూ చూపించి ఏది ఉంచాలని అడుగుతుంది. అప్పుడు అన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, సాసర్లో సగం చాయ్ పోసి నావైపు జరిపేవాడు.

"నాది నువ్వు చదువు చెల్లె, నీది నేను చదువుత" అనేవాడు.

ఎవరిది వాళ్లు చదవకూడదు. అన్న నా లైన్లు చదువుతుంటే నా తప్పులు నాకే వినపడేవి. నాకు వచ్చిన పనంతా ఆ పక్క కుర్చీలోంచి వచ్చిందే.

ఒకసారి బస్సు పోతుందన్న తొందరలో, పేచీ వచ్చిన చోటల్లా నాది ఉంచి అన్నది కొట్టేశాను. సోమవారం షిఫ్టు మారగానే తెర మీద 'లోపల ఎవరూ లేరు' అని వచ్చింది. ల్యాంప్‌రూమ్‌లో మాత్రం ఒక కొక్కెం ఖాళీగా ఉంది. రెండో షిఫ్టుకూ లోపలే ఆగినవాళ్ల పేర్లు చెరపొద్దనే లైను నేను తీసేసినవాటిలో ఉంది. ఆ మనిషి క్షేమంగానే వచ్చాడు. వచ్చేదాకా నేను ల్యాంప్‌రూమ్ గుమ్మంలోనే నిలబడ్డాను. అన్న తిట్టలేదు.

"ఇద్దరు రెండు తీర్ల రాసిండ్రంటే నీకు కానరానిదేదో అవతలోడు చూసిండన్నట్టు. అడగకుండ తీసేస్తే ఎట్ల?" అన్నాడంతే.

పదకొండో రోజు దాటాక అన్న చివరి బ్రాంచి తెరిచాను. ఒక్కచోటే పేచీ. దీపం ఇవ్వడం మరిచి ఇంటికి పోయేవాళ్లుంటారని, పదహారు గంటలు దాటితే పేరు దానంతటదే పోయేలా నేను రాశాను. పైకి రావడం కళ్లారా చూసినవాళ్లు తమ పేరు రాస్తే తప్ప పోకూడదని అన్న రాశాడు.

అలవాటు కొద్దీ అన్నది పైకే చదివాను. చదివి, నాది అన్న చదువుతాడని ఎదురుచూస్తూ కూర్చున్నాను. పట్టపగలు, పైన ఫ్యాను తిరుగుతోంది. పక్కకు చూడాలంటే మాత్రం నిజంగానే భయమేసింది.

నాది తీసేసి, అన్నది ఉంచాను. సరిగ్గా నడుస్తుందో లేదోనని పరీక్ష కంప్యూటర్‌లో నడిపాను. 'లోపల ఒకరు' అని వచ్చింది. కింద అన్న పేరు.

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. తర్వాత అర్థమైంది. పరీక్ష కోసం తన పేరే గనిలోకి దింపినట్టు రాసుకున్నాడు, తీసే పొద్దు దొరకలేదు. తీసేద్దామని మీట నొక్కితే, 'పైకి రావడం చూసినవారి పేరు' అని అడిగింది. నా పేరు టైపు చేశాను. మళ్లీ ఒక్కో అక్షరం చెరిపేశాను. నేను చూడలేదు కదా.

ఆ కంప్యూటర్‌ను ఎవరూ ముట్టొద్దని చెప్పాను. తెర మీద అన్న పేరు పక్కన, దిగి ఎంతసేపైందో చూపే గంటలు పెరుగుతూనే ఉన్నాయి.