విల్ఫ్ ట్రాంటర్ వీపు, హెస్టర్ గఫ్ రాయి

విల్ఫ్ ట్రాంటర్ పోస్ట్‌మన్ ఉద్యోగం నుంచి రిటైరైన వారంలోనే భార్య ఈనిడ్ తేల్చి చెప్పేసింది. "పొద్దున్నా రాత్రీ నీ మొహం చూస్తాను. మధ్యాహ్నం కూడా అంటే నావల్ల కాదయ్యా. ఎక్కడికైనా వెళ్లి తిను." చీజు, ఊరగాయ పెట్టిన శాండ్‌విచ్ చేతిలో పెట్టి తలుపేసుకుంది. అలా ఆయన మా పాత చర్చి సమాధుల ఆవరణలో వచ్చి పడ్డాడు.

అక్కడ ఎవరినీ పాతిపెట్టక నూరేళ్లు దాటింది. ఇప్పుడది ఊరందరికీ పార్కు. పిల్లలు బంతాటాడుకుంటారు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు వచ్చి ఎండ కాచుకుంటారు. దాన్ని చూసుకోవాల్సింది టౌన్ కౌన్సిల్. అంటే కౌన్సిల్ బెంచీ వేయించి దానిమీద తన పేరు రాయించుకుంటుంది, గడ్డి కొయ్యడం, తీగలు పీకడం మాలాంటి నలుగురి నెత్తిన పడుతుంది.

విల్ఫ్‌కు ఆ బెంచీ నచ్చలేదు. గోడ పక్కన హెస్టర్ గఫ్ అనే వంటమనిషి సమాధి రాయి ఉంది. రెండు వందల ఏళ్ల నాటిది, నా అన్నవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆ రాయికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని తినేవాడు. చుట్టూ గడ్డి కత్తెరతో కత్తిరించేవాడు, పిట్టల రెట్టలు కడిగేవాడు, ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవాడు. "ఈనిడ్‌లా కాదు, మధ్యలో మాటకు అడ్డు తగలదు" అనేవాడు. మేం నవ్వేవాళ్లం గానీ, ఆయనకు హెస్టర్ మీద నిజంగానే ప్రేమ.

పోయిన వసంతంలో రాళ్లను పరీక్షించడానికి కౌన్సిల్ బెథన్ అనే అమ్మాయిని పంపింది. వదులైన రాయి పిల్లల మీద పడుతుందేమోనని వాళ్ల భయం. కదిలితే నేలమీద పడుకోబెట్టేస్తారు. విల్ఫ్ ఆమె వెంటే తిరిగాడు. అన్ని రాళ్లూ గట్టిగానే ఉన్నాయి. హెస్టర్ రాయిని నెట్టగానే ఊడబోయే పన్నులా కదిలింది.

"దీన్ని పడుకోబెట్టాలండీ" అంది బెథన్.

"ఎవరిని? హెస్టర్‌నా? ముందు నన్ను పడుకోబెట్టు!" అంటూ విల్ఫ్ తన చోట చతికిలబడి రాయికి వీపు అడ్డం పెట్టాడు. రాయి ఇంకాస్త వెనక్కి ఒరిగింది.

బెథన్ నేలకేసి చూసింది. ఆయన కూర్చున్న చోట గుంట పడి ఉంది, ఆయన కొలతకు తవ్వినట్టే. "పెద్దాయనా, రోజూ ఇక్కడ కూర్చునేది మీరేనా?"

"ఇరవై ఏళ్లుగా! ఈమెను నాకంటే బాగా ఎవరు చూసుకున్నారు?"

"అదేనండీ. మీరు రోజూ ఆనుకోవడం వల్లే ఇది ఇలా అయింది."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన మొహం చూశాక ఆగింది. విల్ఫ్ మెల్లగా లేచి టోపీ తీశాడు. "ఒక్క మాట చెప్పొచ్చు కదా, హెస్టర్" అన్నాడు.

బెథన్ మంచి పిల్ల, వేసవి చివరిదాకా గడువిచ్చింది. మేమంతా కలిసి తవ్వి, రాయిని నిలబెట్టి, చుట్టూ కంకర వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టాం. ఈనిడ్ కూడా పార పట్టుకొచ్చింది. "పాపం, ఇన్నేళ్లు నా మొగుణ్ణి మోసింది. ఈ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?" అంది.

బెథన్ మళ్లీ వచ్చి గట్టిగా నెట్టింది. రాయి కదల్లేదు. ఆమె హమ్మయ్య అనుకుంటూ దానికే చేరగిలబడి తన భోజనం డబ్బా మూత తీసింది.

"లే! ముందు లేమ్మా అక్కణ్ణించి! ఆమె నీకు కుర్చీలా కనబడుతోందా?" విల్ఫ్ కేకకు గోడమీద కాకులు లేచిపోయాయి.

బెథన్ గబుక్కున లేచి బెంచీ మీద కూర్చుంది. విల్ఫ్ మాత్రం ఒక చేత్తో నడుం పట్టుకుని, రాయికి ఎదురుగా ఉత్త గడ్డి మీద కూలబడ్డాడు. ఆ బెంచీ మీదికే రావచ్చు కదా అని అడిగాను.

"అక్కడికొస్తే హెస్టర్ మొహం కనబడదే" అన్నాడు శాండ్‌విచ్ పొట్లం విప్పుతూ. "ఇరవై ఏళ్లు వీపే చూపించాను."