కాలవ గట్టు మీద సిస్టర్ ఇన్నాసమ్మ

నిన్న పొద్దున ల్యాబ్‌లో ట్యూబులకు పేర్లు అంటిస్తుంటే ఫోన్ మోగింది. కాన్వెంట్ నంబర్.

సిస్టర్ ఇన్నాసమ్మే అనుకున్నాను. ఎత్తగానే, "ఏం సిస్టర్, ఈ శనివారం గూడా ఎగ్గొడతాండారా?" అన్నాను.

అవతల వేరే సిస్టర్.

సిస్టర్ ఇన్నాసమ్మ రాత్రి నిద్రలోనే పోయారని చెప్పింది.

రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపి కూర్చున్న పెద్దాయన నా మొహం చూసి, లేచి ఆయనే నాకు నీళ్లిచ్చాడు.

నిన్నటి నుంచి నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. ఎవరి మీదో తెలియదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. సిస్టర్‌ది రాజంపేట దగ్గర పల్లె. కూలి చేసుకునే కుటుంబం. చిన్న వయసులోనే కన్యాస్త్రీల మఠంలో చేరారు. వాళ్లు ఇటలీ పంపించారు.

అక్కడ ఒక పెద్ద నది పక్కన ఊళ్లో, వృద్ధాశ్రమంలో చాలా ఏళ్లు పనిచేశారు. సైకిల్ నేర్చుకున్నది కూడా అక్కడే, నలభై దాటాక. చుట్టూ చదును నేల. నది కట్ట మీద సన్నని తారు రోడ్డు, దాని మీదికి కార్లను రానివ్వరట. కింద వరి మళ్లు.

"ఆడ గూడా వరి పండిస్తారు రమా. మొదటిసారి చూసి సైకిల్ దిగి ఏడ్చినా" అనేవారు.

రిటైరై కడపకు వచ్చాక, షుగర్ టెస్టుకు మా ల్యాబ్‌కి వచ్చారు. తెల్ల చీర, తల మీద ముసుగు, ముసుగు మీద అప్పుడే కొన్న సైకిల్ హెల్మెట్.

"డాక్టరు నడవమంటాండాడు. నడక నా వల్ల కాదు, సైకిలైతే తొక్కుతా. నీకొస్తాదా?" అని అడిగారు.

స్కూల్లో తొక్కి వదిలేశానన్నాను.

"అయితే శనివారం రా."

అంతే. అప్పటికి నా పేరు కూడా అడగలేదు.

ఊళ్లో తొక్కడానికి మాత్రం ససేమిరా ఒప్పుకోరు. కాన్వెంట్‌లోని రెండు సైకిళ్లూ లగేజీ ఆటోలో ఎక్కించి, కేసీ కెనాల్ గట్టు దాకా తీసుకెళ్లేవారు. ఆటో అతను మొదటి రోజు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"సైకిళ్లు పెట్టుకోని ఆటో ఎందుకు సిస్టరమ్మా?"

"లారీ హారన్లు వింటా తొక్కితే అది తొక్కడం కాదప్పా. రోడ్డు మనదే అన్నట్టుండాల."

గట్టు మీద నిజంగానే రోడ్డు మాదే. ఎప్పుడో ఒక గొర్రెల మంద, ఒక ట్రాక్టరు. ఇద్దరం పక్కపక్కనే తొక్కుతూ మాట్లాడుకునేవాళ్లం. ఎండాకాలం కాలవలో చుక్క నీళ్లు లేకపోయినా వెళ్లేవాళ్లం.

పొలాల్లో వాళ్లు ఊరుకుంటారా. "యాడికి పోతాండారమ్మా?" అని అడిగేవాళ్లు. "యాడికీ లేదు నాయనా, ఊరికే" అనేవారు సిస్టర్. ఆ జవాబు ఎవరికీ నచ్చేది కాదు. ఒకాయనైతే మేము దారి తప్పామని ఖాయం చేసుకుని, మైదుకూరు రోడ్డు దాకా బండి మీద ముందు పోతూ మమ్మల్ని దిగబెట్టాడు. ఆయన మనసు నొప్పించలేక ఆయన వెనకాలే పోయి, ఆయన కనుమరుగయ్యాక మళ్లీ గట్టెక్కాం. సిస్టర్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు.

ఒకరోజు ఎదురుగాలి. తొక్కలేక ఒక తూము మీద కూర్చున్నాం. ఇటలీలో కూడా ఇలాగే ఎవరితోనైనా వెళ్లేవారా అని అడిగాను.

"ఎవరుంటారు. ఆ ఊర్లో తెలుగు తెలిసినోళ్లు ఒక్కరూ లేరు. గట్టెక్కితే మనిషే కనపడడు. అందుకని గట్టిగా తెలుగులో మాట్లాడుకుంటా పోతాంటి. మా నాయనతో, మా తమ్మునితో. ఒక్కోసారి పోట్లాడతాంటి గూడా."

"జవాబు ఎవరు చెప్తాండ్రి సిస్టర్?"

"నేనే."

ఆవిడ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మా అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. టీవీ పెట్టుకుని అన్నం తింటాను. రోజంతా "పిడికిలి బిగించండి", "దూది అదిమి పట్టుకోండి", ఇవే నా మాటలు. అది సిస్టర్‌కి చెప్పాను. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సిస్టర్ జాలి పడలేదు. సలహా ఇవ్వలేదు. "సరే, శనివారం నాతో మాట్లాడు. అన్నీ దాచిపెట్టుకోని రా" అన్నారు.

అప్పటి నుంచి వారమంతా దాచిపెట్టుకునేదాన్ని.

ఈరోజు మధ్యాహ్నం మట్టి చేశారు. సిస్టర్లు, ఫాదర్లు, హాస్టల్ పిల్లలు, రాజంపేట నుంచి వాళ్ల బంధువులు. పాటలు పాడుతున్నారు. ఒక్క పాటా నాకు రాదు. గేటు దగ్గరే నిలబడ్డాను.

ఒక పెద్దాయన వచ్చి, "మా అక్కకు ఏమైతావమ్మా నువ్వు?" అని అడిగాడు.

చుట్టాన్ని కాదు. చర్చి మనిషిని కాదు. ఆమె దగ్గర చదువుకున్నదాన్నీ కాదు.

"ఏమీ కానన్నా. శనివారం ఇద్దరం సైకిల్ తొక్కుతాంటిమి" అన్నాను.

"రమావా నువ్వు? ఫోన్ చేస్తే నీ మాటే చెప్తాండె. ఈడెందుకు నిలబడినావు. రా, ఇంటోళ్లు ముందుండాల" అని, చెయ్యి పట్టుకుని ఆ జనంలోంచి తీసుకెళ్లాడు.

ఆయన తర్వాత మట్టి వేసింది నేనే.

హాయిగా పడుకోండి సిస్టర్. ఏ నొప్పీ, ఏ దిగులూ మిమ్మల్ని తాకకూడదు.

నాకు మాత్రం శనివారం వస్తోందంటే భయంగా ఉంది.