నీలం పెన్సిలుతో వేసిన వాన

ఈరోజు జిరాక్సు షాపులో వేడివేడి కాగితం చేతికి రాగానే, ఆ వాసనకి కోడుమూరులో ఏడో తరగతి గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, నోటుబుక్కు కాగితం మీద గళ్లు గీసుకుని, అరగదీసిన చింతపిక్కలు వేసి ఆడుకోవడం?

పద్మా నేనూ కలిసి ఒక సేద్యం ఆట కనిపెట్టాం. విత్తనం దగ్గర మొదలుపెట్టాలి. వాన గడిలో ఆగినవాళ్లకే పంట గడి. పద్మ రైతుల పిల్ల కాబట్టి వాన గళ్లకు తనే లేత నీలం పెన్సిలుతో రంగు వేసింది. మా బట్టల కొట్టు పక్కనున్న షాపులో క్లాసంతటికీ జిరాక్సులు తీయించాం. లేత నీలం ఆ మిషనుకు కనబడదని మాకేం తెలుసు? పంచాక చూస్తే ఒక్క కాగితంలోనూ వాన లేదు. ఎవరూ పంటకు చేరలేదు.

"పెన్నుతో దిద్దుదాం మే" అన్నాను.

"ఉండనీ మే. మా ఇంట్లో ఏటా ఆడేది ఇదే కదా" అంది పద్మ.

ఆ ఏడాదే వాళ్లిల్లంతా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయింది. పద్మ మళ్లీ బడికి రాలేదు.

ఈరోజు ఇంటికొచ్చి, పాత అట్లాసులో దాచిన అసలు కాగితం తీశాను. పద్మ గీసిన గళ్లన్నీ అలాగే ఉన్నాయి. నీలం మాత్రం దాంట్లోనూ వెలిసిపోయింది.