రేపల్లె బండిలో తీగ కొస

తెనాలి స్టేషనుకు చేరేసరికి నా ఆవిరి గొట్టం మొరాయించింది. సిగరెట్టు మానడానికి కొనుక్కున్న వేప్ అది. అప్పటికి వాటినింకా నిషేధించలేదు. లోపలి కాయిల్ మనమే తీగతో చుట్టి, దాని రెండు కాళ్ళనూ చిన్న స్క్రూల కింద బిగించి, మధ్యలో దూది పెట్టాలి. ఆ పనంటే నాకు ప్రాణం. మాది చీరాలలో మగ్గాల ఇల్లు, వేళ్ళు ఊరికే ఉండవు.

ఆ రోజు నేనూ మా ఆవిడా రేపల్లెలో మామగారి సంవత్సరీకానికి వెళుతున్నాం. ఆయన పోయింది సిగరెట్ల దగ్గుతోనే. ఆయన మంచం పక్కనే, ఇక సిగరెట్టు ముట్టనని ఆవిడకు మాటిచ్చాను. ఏడాదిగా ఆ మాట నిలబెడుతున్నది నేను కాదు, ఈ గొట్టం. ఇప్పుడు బటన్ నొక్కితే దాని బుల్లి తెర మీద ‘షార్ట్’ అని వస్తోంది. ఆవిడ టిక్కెట్ల వరుసలో ఉండగా బయట కొట్లో ఒక సిగరెట్ పెట్టె కొని ప్యాంటు జేబులో దాచాను. అవసరమైతేనే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గేసింది, అయినా కొన్నాను.

బండి కదిలింది. కిటికీ అవతల మాగాణుల్లో నీళ్ళు, నీళ్ళలో మబ్బులు. ఏది చేనో ఏది ఆకాశమో తెలియనంత తెల్లటి ఉదయం. పొలాల మీద కాకుండా, మబ్బుల మీద ఒక కొంగ నడుస్తున్నట్టు కనిపించింది. ఒళ్ళో చేతిరుమాలు పరిచి గొట్టం విప్పాను. మూత తీస్తే రీడింగ్ సరిగ్గానే వస్తోంది. మూత పెడితే షార్ట్. స్క్రూలు బిగించాను, కాయిల్ తీసేసి కొత్తది చుట్టాను. మళ్ళీ అదే. ఊళ్ళు కలలోలాగా వచ్చిపోతున్నాయి, జేబులో పెట్టె మాత్రం తొడకు గుచ్చుకుంటూనే ఉంది.

భట్టిప్రోలు దాటాక ఆవిడ వంగి చూసింది.

“కొస ఇంత వదిలారేంటండీ? మూతకి తగులుతోంది.”

నిజమే. స్క్రూ దాటి తీగ కొస గోరంత పొడుచుకొచ్చి ఉంది. రెండుసార్లూ అలాగే వదిలాను. మగ్గం మీంచి బట్ట కోశాక పాత పడుగు దారాల కొసల్ని అచ్చు పళ్ళలోనే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికే పురిపెట్టి అతుకుతారు మా ఇళ్ళల్లో. కొస ఉంచకుండా తెంపితే నాన్న ఊరుకునేవాడు కాదు.

“వదలాలి. లేకపోతే మళ్ళీ అతికేదెలా?” అన్నాను.

“దీనికేం అతుకుతారండీ?”

ఆవిడ సంచిలోంచి నెయిల్ కట్టర్ తీసి, స్క్రూ దగ్గరకంటా ఆ కొస టక్కున కత్తిరించింది. రెండోదీ కత్తిరించింది. మూత పెట్టి నొక్కాను. షార్ట్ లేదు. ఆ క్షణాన ఆవిడంటే ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

గొట్టం జేబులో వేసుకోబోయాను. ఆవిడ చెయ్యి చాపింది.

“ఆ జేబులో దాచింది ఇటివ్వండి.”

ఎప్పుడు చూసిందో అడగలేదు. కోపం లేదు ఆ ముఖంలో, ఏడాది క్రితం మంచం పక్కన కనిపించిన భయమే ఉంది. బండి రేపల్లెలో ఆగుతోంది. పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఒక్కటి కూడా ఉంచుకోలేదు.